సర్ రోనాల్డు రాసుగారి నిలుకడ

ఉదయమున లేచి, ఆ దినమున చేయవలసిన పనులను వరుసగా మనస్సున నేర్పరచుకొనుట మనలో ననేకులకు నలవాటు. ఆ వరుస యేమాత్రమును చెదరక సాయంకాలమువరకు సాగిన దినములు మాత్రము మిగుల నరుదు. రావలసిన బస్సు రాదు. పరీక్షవేళకు దీపము లారిపోవును. సహాయము చేయుదునన్నవాడు కనబడడు. ఇంట నెవరికో జ్వరము తగులును. ఇందులో నేదియు మన చేతిలోనిది కాదు. అయినను మొదటి యాటంకమునకే మనస్సు కలత జెందును. కలతలో చేతనున్న పని చెడును. చెడిన పనిని జూచి కోపము వచ్చును. ఆ కోపము దాపుననున్న నిరపరాధిపై బడును. ఒక గడియలో తీరవలసిన చిక్కు దినమంతటిని మ్రింగివేయును.

ఈ మాట మేము పరులనుగూర్చి మాత్రమే వ్రాయుట లేదు. గడచిన వర్షకాలమున మన పాఠశాలలో విజ్ఞానశాస్త్ర ప్రదర్శనము జరిగిన యుదయమున గదులకు విద్యుత్తు నిలిచిపోయెను. ఆ తొందరలో ఎనిమిదవ తరగతి బాలు డొకడు మా యాజ్ఞచొప్పున సూక్ష్మదర్శినిని కిటికీయొద్దకు జేర్చుచుండగా, అది బల్లయంచునకు దగిలి, కన్నుపెట్టి చూచెడి పైకటకము బీటవారెను. ఆ బల్లను దారికడ్డముగా నుంచినవారము మేమే. అయినను ఆ బాలుని అనేకుల యెదుట కఠినముగా మందలించితిమి. అతడు మాఱుమాటాడక తలవంచుకొని నిలిచెను. ఆ రాత్రి మలేరియా జ్వరమునుగూర్చిన పాఠమును సిద్ధపఱచుకొనుచు, బీటవారిన కటకముతోనే లోకమునకు మహోపకారము చేసిన యొక వైద్యుని చరిత్రమును మఱల చదివితిమి, చదివి సిగ్గుపడితిమి. ఆ చరిత్రమునే మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ వైద్యుడు పని చేసిన స్థలము మనకు దూరమైనది గాదు. దూలపల్లినుండి కొంపల్లి, సుచిత్ర, బోయినపల్లి మీదుగా దక్షిణమునకు బోయినచో బేగంపేట వచ్చును. అచ్చటి పాత విమానాశ్రయమునకు చేరువలో నొక పాతకాలపు కట్టడము కలదు. ఆ చోటనే, 1897వ సంవత్సరము ఆగస్టు నెలలో, మలేరియా రహస్యమునకు దారి దొరకెను. ఆ కట్టడ మిప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు జెంది, ఆ వైద్యుని పేరనే పిలువబడుచున్నది. ఆయనయే సర్ రోనాల్డు రాసు.

రాసు 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. అప్పటికి మూడు దినములకు ముందే మీరటులో సిపాయిల తిరుగుబాటు ప్రారంభమైయుండెను. తండ్రి సైన్యమున నున్నతోద్యోగి. బాలుని చదువునకై ఇంగ్లండునకు పంపిరి. అతనికి చిత్రలేఖనమునందును, కవిత్వమునందును, సంగీతమునందును మక్కువ మెండు. వైద్యమునం దంతగా లేదు. అయినను తండ్రి కోరిక ననుసరించి లండనులోని సెయింటు బర్తొలోమ్యూ వైద్యశాలలో చదివి, 1881లో హిందూదేశపు సైనికవైద్య శాఖలో బ్రవేశించెను. మొదటి సంవత్సరములలో కవితలును, నవలలును వ్రాయుచు, గణితశాస్త్రమును సాధన చేయుచు కాలము గడపెను. ఇట్టివా డొకనాడు దోమల కడుపులను గోయుచు గూర్చుండునని అప్పు డెవరు ననుకొని యుండరు.

ఆ కాలమున చలిజ్వర మెట్లు వచ్చునో యెవరికిని నిశ్చయముగా దెలియదు. బురదనేలలనుండి లేచెడి చెడుగాలియే కారణమని పూర్వులు తలచిరి. మలేరియా యను నిటలీదేశపు మాటకు చెడుగాలి యనియే యర్థము. 1880లో లావెరాను అను ఫ్రెంచి సైనికవైద్యుడు ఆల్జీరియాలో రోగుల రక్తమునందు ఆ జ్వరమును గలిగించెడి సూక్ష్మజీవిని కనుగొనెను. కాని ఆ జీవి యొకని రక్తమునుండి మఱియొకని రక్తములోని కెట్లు పోవుచున్నదను ప్రశ్న మిగిలియుండెను. 1894లో రాసు సెలవుపై లండనునకు బోయినప్పుడు, పాట్రిక్ మాన్సను అను పెద్ద వైద్యుడు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో జూపి, దీనిని దోమలు మోయుచుండవచ్చునను తన యూహను దెలిపెను. బోదకాలు వ్యాధిని గలిగించెడి పురుగు దోమలో పెరుగుచున్నదని మాన్సను చైనాలో నుండగా 1877లోనే కనుగొనియుండెను. ఆయన యూహ సంపూర్ణముగా సరియైనది గాదు. దోమ నీటిలో బడి చచ్చిన పిమ్మట ఆ నీటిని ద్రాగుటచే జ్వరము వచ్చునేమో యని యాయన తలచెను. అయినను వెదకవలసిన చోటు దోమయే యని రాసునకు దృఢముగా దోచెను.

1895వ సంవత్సరమున ఆయన సికింద్రాబాదునకు వచ్చి పని ప్రారంభించెను. ఆ పని యెట్టిదో విద్యార్థులు తెలిసికొనవలెను. నీళ్లలోని దోమపురుగులను దెచ్చి సీసాలలో బెంచవలెను. అవి రెక్కలు వచ్చి దోమలైన తరువాత, జ్వరపీడితుని దోమతెరలో బరుండబెట్టి, వానిని లోనికి వదలి, అతని రక్తమును బీల్చనీయవలెను. పిమ్మట వానిని మఱల సీసాలలో బట్టి కొన్ని దినములు బ్రతికించి, ఒక్కొక్కదానిని సూదిమొనలతో విడదీసి, కడుపుగోడలోని ప్రతి కణమును సూక్ష్మదర్శినిలో బరిశీలింపవలెను. వెదకుచున్న వస్తు వెట్లుండునో తెలియదు. దోమలలో నే జాతిని వెదకవలెనో యదియు దెలియదు. దొరకిన మామూలు జాతుల దోమలను ఎన్నింటినో యిట్లు గోసి చూచెను. ఫలము గనబడలేదు.

పని సాగుచుండగనే, 1895వ సంవత్సరము సెప్టెంబరులో, కలరా వ్యాపించిన బెంగుళూరునకు వెళ్లి పారిశుద్ధ్యకార్యమును జూడవలసినదని యుత్తరువు వచ్చెను. దోమల సీసాలు ప్రక్కకు బోయినవి; కాలువలు, బావులు, చెత్తకుప్పలు ముందునకు వచ్చినవి. రాసునకు చాల విసుగు గలిగెను గాని, ఇచ్చిన పనిని శ్రద్ధతోడనే నెఱవేర్చెను. నగరమును శుభ్రముగా నుంచుట యెట్లో యిచ్చట నేర్చిన పాఠము, తరువాతి కాలమున దోమల నిర్మూలనమునుగూర్చి ప్రపంచమునకు బోధించునప్పుడు ఆయనకు మిగుల నుపకరించెను. 1897లో సెలవు దొరకగా నీలగిరులకు బోయి, సిగూరు కనుమలో మలేరియాను వెదకుచుండగా ఆయనకే జ్వరము తగిలెను. కోలుకొని ఆ వేసవి చివర సికింద్రాబాదునకు దిరిగి వచ్చి, మఱల సూక్ష్మదర్శిని ముందు గూర్చుండెను.

ఆ సంవత్సరము ఎండ మిక్కుటముగా నుండెను. పంకా వేయించినచో కోసి పఱచిన దోమ యవయవములు గాలికి ఎగిరిపోవును. కావున పంకా లేకయే పని చేయవలసి వచ్చెను. కంటియీగలు కన్నులలోను, చెవులలోను దూరుచుండెను. నుదుటినుండియు, చేతులనుండియు గారిన చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన యొకే యొక పైకటకము బీటవారెను. క్రొత్తది తెప్పించువరకు పని నిలుపుట కాయనకు మంచి సాకే దొరకినది. ఆయన నిలుపలేదు, ఆ బీటలోనుండియే చూచుచుండెను.

ఆగస్టు నడుమను, ఆయన పనివారు తెచ్చిన పురుగులనుండి, అంతకు ముందు తాను పరీక్షింపని జాతి దోమలు కొన్ని పుట్టినవి. ఇవి గోధుమవన్నెవి; రెక్కలపై మచ్చలు గలవి. ఆ దినములలోనే వైద్యశాల సహాయకు డొకడు, తోకను పైకెత్తి గోడపై వ్రాలియున్న వింత దోమ నొకదానిని జూపెను. ఆ సహాయకుని పేరు రాసు తరువాత మఱచిపోయినందున, అది చరిత్రలో నిలువలేదు. 16వ తేదీన హుస్సేను ఖాను అను జ్వరరోగిని ఆ క్రొత్త దోమలచే గుట్టించిరి. కుట్టిన దోమ యొకటికి ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు అతనికి ముట్టినవి. ఒడలు జ్వరముతో గాగుచుండగా కదలక పరుండి దోమల కప్పగించుకొనిన ఆ నిరుపేద యోర్పును మన మించుకయైనను మఱువరాదు.

తరువాతి నాలుగు దినములలో నా దోమలు ఒక్కొక్కటిగా తఱిగిపోయినవి. ఇక ఆగస్టు 20వ తేదీ వచ్చెను. ఆ దిన మెట్లు ప్రారంభమయ్యెనో గమనింపుడు. రాసు ఉదయముననే వైద్యశాలకు బోయి, మొదట రోగులను జూచెను. పిమ్మట కచ్చేరి యుత్తరములకు జవాబులు వ్రాసెను. క్రొత్త పురుగులను దెత్తుమన్న పనివారు వట్టిచేతులతో వచ్చిరి. మిగిలియున్న మూడు మచ్చరెక్కల దోమలలో నొకటి రాత్రి చచ్చి, క్రుళ్లి ఉబ్బిపోయియుండెను. ఆయనకు కోపము వచ్చినది. ఆ సంగతి తానే తరువాత దాపఱికము లేక వ్రాసికొనెను. వచ్చిన కోపమును బట్టి యాయన యేమి చేసెను? పనివారిని వెడలగొట్టలేదు, ఇది దుర్దినమని తలుపు మూసికొనలేదు. త్వరగా నించుక భుజించి వచ్చి, ఆ చచ్చిన దోమనే మొదట దీసి పరీక్షించెను. అది లెక్కలో 36వది. అందు క్రొత్త సంగతి యేదియు గనబడలేదు. తరువాత వేఱు జాతి చిన్న దోమ యొకదానిని, 37వదానిని, చూచెను. అందును లేదు.

మధ్యాహ్న మించుమించు ఒంటిగంట యయ్యెను. కన్నులు బాగుగా నలసియుండెను. బ్రతికియున్నవి రెండే. అందులో నొకదానిని, 38వదానిని, చంపి విడదీసెను. కడుపుగోడ నంతయు నోపికగా జూచుచు చివరకు వచ్చునప్పటికి, గుండ్రని కణ మొకటి కన్పట్టెను. అట్టిది దోమ కడుపులో నుండదగినది గాదు. మఱియొకటి, మఱియొకటి కన్పట్టినవి. వానిలో నల్లని రేణువులు గలవు. అవి మలేరియా జీవియందు రక్తములో గనబడెడి నల్లరేణువుల వంటివే.

ఇట్టి సమయమున మనమైనచో పరుగెత్తి పదిమందిని బిలిచి, మిగిలిన యొక్క దోమను గూడ ఆ క్షణముననే కోసియుందుము. రాసు ఆ కణముల బొమ్మలను గీసికొని, ఇంటికి బోయి, తేనీరు ద్రావి, ఒక గంట నిద్రించెను. మేల్కాంచగనే ఆయనకొక తలంపు దోచెను. ఆ కణములు నిజముగా దోమలో పెరుగుచున్న జీవులైనచో, ఒక దినము గడచిన తరువాత మిగిలిన దోమలో నవి యింకను బెద్దవై యుండవలెను. కానియెడల తన యూహ తప్పు. మఱునాడు, 21వ తేదీన, ఆ చివరి దోమ, 39వది, ఇంకను బ్రతికియుండెను. వణకుచున్న చేతితో దానిని విడదీసెను. అందును కణము లున్నవి. అవి ముందటి దినపు వానికంటె స్పష్టముగా బెద్దవి. ఆ కనుగొనుటను వివరించిన వ్యాసము 1897వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటింపబడెను. ఆగస్టు 20వ తేదీ నేడు లోకమున దోమల దినముగా జ్ఞాపకము చేసికొనబడుచున్నది.

ఇచ్చట మే మొక సంగతిని నొక్కి చెప్పదలచితిమి. నిలుకడ యనగా నాడి కదలకుండుట కాదు; చేయి వణకకుండుటయు గాదు. రాసు సహజముగా శాంతస్వభావుడు కాడు. మిగుల తొందరపాటుగలవాడు, ముక్కోపి. అట్టివానిని నిలిపినది పని యొక్క క్రమము. ప్రతి దోమకు నొక సంఖ్య కలదు. ప్రతి దినమునకు నొక వ్రాత కలదు. ఒకటి చెడినప్పుడు, తరువాతి సంఖ్య యేదో యాయనకు దెలియును. 36వది చెడినచో 37వది. అందును లేనిచో 38వది. మనస్సు కలతజెందియున్నను చేతికి తరువాతి పని తెలిసియున్నచో, మనుష్యుడు దారి తప్పడు. పుట్టుకతో శాంతులు కాని మనవంటివారికి ఇది గొప్ప ధైర్యము నిచ్చెడి మాట.

ఆటంకము లంతటితో దీరలేదు. సెప్టెంబరులో, ఇక నొక్క యడుగు వేసిన రహస్యమంతయు దెలియునను వేళకు, వెంటనే బయలుదేఱవలసినదని ప్రభుత్వపు తంతి వచ్చెను. ఆయనను రాజపుతానాలోని ఖేర్వారా యను దూరపు దండునకు బంపిరి. అచ్చట మలేరియా రోగులు దాదాపు లేరు. ఆయన కడుపుమంట కంతులేదు. ఉత్తరువు మార్పింపుడని పైవారికి వ్రాసెను. లండనునుండి మాన్సను గూడ ఆయన పక్షమున వ్రాసెను. జవాబు వచ్చులోపల ఖేర్వారాలో దొరకిన పావురముల రక్తమును పరీక్షింప మొదలిడెను. ఏలయనగా పక్షులకును మలేరియా వంటి జ్వరము కలదు.

1898 మొదట ఆయనకు కలకత్తాలో పరిశోధనాలయ మొకటి దొరకెను. అచ్చటను చిక్కే. ఆ కాలమున ప్లేగు టీకాలనుగూర్చి ప్రజలు మిగుల భయపడి యుండిరి. రక్తమునకై సూది చూపినంతనే పాఱిపోవుచుండిరి. మనుష్యులు రానిచో పిచ్చుకలను దెచ్చెదనని రాసు నిశ్చయించెను. ఖేర్వారాలో నెలలు చెడిపోయినవని యాయన దుఃఖించిన కాలమున ప్రారంభించిన పక్షుల పనియే యిప్పుడాయనకు దారియయ్యెను. మహమ్మదు బక్షు అను సహాయకుడు పక్షులను, దోమలను సమకూర్చుచు రేయింబవళ్లు తోడ్పడెను. ఆ జూలైలో, దోమ కడుపున పెరిగిన జీవులు పగిలి, దారమువంటి సన్నని రూపములతో దోమ లాలాజల గ్రంథులలోనికి జేరుట రాసు చూచెను. అట్టి దోమలు కుట్టిన యారోగ్యవంతములైన పిచ్చుకలకు కొన్ని దినములలో జ్వరము పట్టెను. గాలి గాదు, నీరు గాదు. దోమకాటే మలేరియాను మోయుచున్నదని తేటపడెను. అదే సంవత్సరమున ఇటలీలో గ్రాసీ యను శాస్త్రవేత్తయు, ఆయన మిత్రులును, మనుష్యుల మలేరియాను మోయునది అనాఫిలిసు జాతి దోమయేయని స్థిరపఱచిరి. రాసు బేగంపేటలో జూచిన మచ్చరెక్కల దోమలు ఆ జాతివే.

రాసు 1899లో హిందూదేశోద్యోగమును విడిచి, లివర్పూలులో ఉష్ణదేశ వ్యాధుల పాఠశాలలో బోధకుడయ్యెను. ఆఫ్రికా మొదలగు దేశములకు బోయి దోమల నిర్మూలనమును బోధించెను. 1902లో వైద్యశాస్త్రమునకు నోబెలు బహుమానమును, 1911లో సర్ బిరుదమును బొందెను. 1932వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.

చరిత్ర వ్రాయువారు మంచిని మాత్రమే చెప్పి ఊరకుండరాదు. ఎండను, త్రుప్పును, బీటను, బదిలీలను సహించిన యీ మహనీయుడు కీర్తివిషయమున మాత్రము నిలుకడను గోల్పోయెను. కనుగొనిన గౌరవ మెవరిదను వివాదమున గ్రాసీపై అనేక సంవత్సరములు తీవ్రముగా వ్రాసెను. అది ఆయన బహుమానమును బెంచలేదు. ఆయన మనశ్శాంతిని మాత్రము తగ్గించెను. దోమలవిషయమున తరువాతి సంఖ్య యేదో యెఱిగిన వానికి, ఈ విషయమున తరువాతి పని యేదో తోచలేదు. పనిపై దృష్టి నిలిచినంతకాల మాయన గొప్పవాడు. తనపై దృష్టి నిలిచిన గడియలలో మనవంటివాడే.

మలేరియా యింకను దీరలేదు. 2023వ సంవత్సరమున ప్రపంచమందు ఇంచుమించు 5,97,000 మంది దానివలన మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. అందు పెక్కురు ఆఫ్రికాలోని పసిబిడ్డలు. మన దూలపల్లిలో వానలు పడినపుడు ఇంటిముందు పాతటైర్లలోను, మూతలేని డ్రమ్ములలోను, మేడపై తొట్లలోను నీరు నిలుచుచున్నది. వారమున కొకసారి వానిని బోర్లించి యారనిచ్చుటయు, తొట్లకు మూతలు పెట్టుటయు మన విద్యార్థుల చేతిలోని పనియే. రాసుగారికి మనము చేయదగిన స్మారక మదియే.

ఇక మా సంగతి. మఱునాటి యుదయము, ప్రార్థన ముగిసిన పిమ్మట, మేము ఆ బాలుని ముందునకు బిలిచి, ఎవరెవరి యెదుట వానిని మందలించితిమో వారి యెదుటనే మా తప్పు నొప్పుకొంటిమి. ఆ తరువాత బీటవారిన కటకముతోనే ఉల్లిపొర కణములను జూచుటకు వానినే మొదట గూర్చుండబెట్టితిమి. బీట ప్రక్కగా కణములు చక్కగా గనబడుచున్నవని యతడు సంతోషముతో జెప్పెను. తరగతి వారందఱును వరుసగా వచ్చి చూచిరి.

విద్యార్థులారా, మీ దినములును చెదరును. పరీక్షనాడు కలము పనిచేయకపోవచ్చును. ఆటనాడు వాన రావచ్చును. ఎంతో శ్రమపడి చేసిన బొమ్మపై నీళ్లు పడవచ్చును. కోపము రానీయకుమని మేము చెప్పజాలము, మాకే వచ్చినది. వచ్చినప్పుడు పక్కవానిపై మాట విసరకముందు ఒక్క నిమిషము నిలిచి, ఇప్పుడు చేయదగిన తరువాతి పని యేదియని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. 36వ దోమ చెడిపోయిన యుదయముననే, 38వ దోమ యింకను సీసాలో బ్రతికియుండెనని జ్ఞాపకముంచుకొనుడు.